మా భయస్తుడు ప్రెసిడెంటు గారు

మొన్న మంగళవారం పొద్దున్నే షాపు తీసి మిషనుకి నూనె వేస్తున్నాను. ప్రెసిడెంటు గారి భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన పోయాక ఆవిడ బజారులోకి రావడం అదే మొదలు. కుర్చీ వేశాను. కూర్చోలేదు.

"తమ్ముడుగారూ, నాకు తెల్లబట్టలు కుట్టాలండి. బాప్తిస్మం తీసుకుంటాను," అంది.

"చాలా మంచి మాటండి అక్కయ్యగారూ. రాజమండ్రి నుంచి మా సంఘం పెద్దాయన్ని పిలిపిస్తాను."

"వద్దండి. ఇప్పుడు ఆయన కుర్చీలో ఉన్నది మీరు కదా. మీరే ముంచాలి."

నా చేతిలో నూనె డబ్బా వంగిపోయి ఎవరిదో ప్యాంటు గుడ్డ మీద ధారకట్టింది. అదీ చూసుకోలేదు. ఆయ్ అన్నాను. అనకేం చేస్తాను?

అమలాపురంలో ఎరువుల కొట్టు పైన మేడగదిలో ఆదివారాలు కూడుకునే మోర్మన్ క్రైస్తవ సంఘం మాది. మా దాంట్లో జీతం తీసుకునే పాస్టరు ఉండడు. మాలోనే ఒకణ్ణి పిలిచి, తలమీద చేతులుంచి ప్రార్థన చేసి, ఇక నువ్వు చూసుకో అంటారు. ఆ మనిషిని శాఖాధ్యక్షుడంటారు. మాకు అంత మాట నోరు తిరక్క ప్రెసిడెంటు గారంటాం. ఆయన పోయిన తర్వాత ఆ పిలుపు నాకొచ్చింది. నేనేమో మగవాళ్ల చొక్కాలు, ప్యాంట్లు కుట్టుకు బతికే టైలర్ని. ప్రార్థన చెప్పమంటే చెబుతాను, జబ్బు మనిషిని చూసిరమ్మంటే చూసొస్తాను. బాప్తిస్మం ఒక్కటే నాకు గుండెల మీద బండ. మనిషిని నడుంలోతు నీళ్లలోకి తీసుకెళ్లి, వెల్లకిలా పూర్తిగా ముంచి, పైకి లేపాలి. నాకు నీళ్లంటే ప్రాణభయం. ఈత నేర్పుతామని మా పెదనాన్న కొడుకులు చిన్నప్పుడు నన్నెత్తి కాలువలో పడేశారు. వాళ్లు గట్టుమీద పడి నవ్వుతుంటే నేను అడుగున బురద మింగుతున్నాను. ఇప్పటికీ వంతెన మీద బస్సు వెళ్తుంటే కిటికీ పక్కన కూర్చోను. కోనసీమలో పుట్టి ఇదేం రోగం రా అని అందరూ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

ఇన్నాళ్లూ ఎవరూ బాప్తిస్మం అడక్కపోవడం నా అదృష్టం అనుకున్నాను. అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఆయన భార్య. నీళ్లలో నా కాలు జారితే? ఆవిడ బరువుకి నేను కూడా పడితే? ఆ రోజు ఒక్క బొత్తాం కాజా కూడా కుట్టలేదు. ఆయన్నే తలుచుకుంటూ కూర్చున్నాను.

ఆయన మోటార్లు వైండింగు చేసేవారు. ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు కాలిపోతే ఆయన దగ్గరికే వచ్చేవి. ఎంత సబ్బేసి కడుక్కున్నా చేతులు వార్నిష్ వాసనే. ఆదివారం తెల్లచొక్కా, పొట్టి టై. ఆ టై ముడి ఎవరు వేసిచ్చారో గాని ఆయన దాన్ని ఎప్పుడూ విప్పలేదు. మీటింగు అవగానే తలమీంచి తీసి మేకుకి తగిలించేవారు, మళ్లీ ఆదివారం అలాగే మెడలో వేసుకునేవారు. విప్పితే మళ్లీ కట్టడం వస్తుందో రాదోనని భయమట.

భయం! ఆ మనిషి నోట ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. మొదటిసారి విన్నది నా షాపులోనే. నా కుట్టుమిషను మోటారు బాగుచేసి తెచ్చి, ప్లగ్గులో పెట్టి, స్విచ్చి వేసేముందు కళ్లు మూసుకుని ఏదో గొణుక్కున్నారు.

"ఏంటండీ మంత్రం వేస్తున్నారు?" అన్నాను.

"ప్రార్థనండి. నాకు కరెంటంటే భయం."

"కరెంటు పని చేస్తూ కరెంటంటే భయమేంటండీ బాబూ!"

"రోజూ ముట్టుకునేవాడికే కదండీ భయం ఉండేది," అన్నారు చాలా మామూలుగా.

కుక్కలంటే భయం. ఉరుమంటే భయం. మైకంటే మరీ భయం. మా ఊళ్లో పాస్టర్లు మైకు పట్టుకుంటే మూడు వీధులు దద్దరిల్లుతాయి. ఈయన మైకు ముందు నిలబడి, "సహోదరులారా, నాకు కొంచెం దడగా ఉందండి, ఒక్క నిమిషం ఆగుతారా," అనేవారు. మేం ఆగేవాళ్లం. నిజంగానే ఒక్క నిమిషం మేడగదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. నేను ఆ గదికి రెండోవారం కూడా వెళ్లానంటే ఆ నిమిషం కోసమే. నాలాంటి పిరికివాడొకడు అంతమంది ముందు నిలబడి సిగ్గుపడకుండా ఆ సంగతి చెప్పుకోవడం నేనెక్కడా చూడలేదు.

మాకు టీ, కాఫీ నిషేధం. మన దగ్గర ఇంటికొచ్చిన మనిషి టీ తాగకపోతే ఆ ఇల్లాలు చిన్నబుచ్చుకుంటుంది కదా. ఈయన నియమాలూ అవీ ఏకరువు పెట్టేవారు కాదు. "నాకు టీ అంటే భయమండి అమ్మా, మజ్జిగ ఉంటే పుచ్చుకుంటాను," అనేవారు. వాళ్లు పకపకా నవ్వి మజ్జిగ ఇచ్చేవారు. ప్రెసిడెంటు గారని మేం పిలుస్తుంటే విని, పంచాయతీ ప్రెసిడెంటనుకుని వీధి కుళాయి సంగతి చెప్పుకోవడానికి కూడా ఒకాయన వచ్చాడు. ఈయన కాదని చెప్పలేక, పానా పట్టుకెళ్లి కుళాయి బాగుచేసి వచ్చారు.

ఓసారి తుపాను. సముద్రం మీదికొస్తోందని పొద్దుటి నుంచీ ఆటోలో మైకు పెట్టి చెబుతున్నారు. మధ్యాహ్నానికి గాలి ఎలా ఉందంటే మా పెంకుటింటి వాసాలు కిర్రుమంటున్నాయి. వీధిలో కొబ్బరి మట్టలు విరిగి ఎగిరొస్తున్నాయి. మా ఆవిడకి అప్పుడు నెలలు నిండాయి. ఇద్దరం మంచం పక్కన ముడుచుకుని కూర్చున్నాం. ఎవరో తలుపు బాదారు. తీస్తే ప్రెసిడెంటు గారు. నెత్తిమీద మోటారు సైకిలు హెల్మెట్, ఒంటిమీద ఎరువుల సంచి చింపి చేసుకున్న గొంగళి. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఎందుకొచ్చేరండీ ఇంత గాలిలో!" అని అరిచాను.

"ఇంట్లో కూర్చుంటే భయంతో చచ్చిపోయేలా ఉన్నానండి. నాకే ఇలా ఉంటే నిండు మనిషికి ఎలా ఉంటుందోనని వచ్చేను."

చంకలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి ఇచ్చారు. అటుకులు, బెల్లం, అగ్గిపెట్టె, టార్చిలైటు, ఒక తాడు. అలాంటి డబ్బా ప్రతి ఇంట్లో ఉంచుకోవాలని మా సంఘంలో ఎప్పుడూ చెబుతారు. మేం ఎవరం ఉంచుకోలేదు. ఆయన మాత్రం తన ఇంట్లో దాచిన డబ్బాలన్నీ సైకిలుకి కట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. ప్రార్థన చేద్దామన్నారు. చేస్తుండగా పక్కింటి రేకు లేచి గోడకి కొట్టుకుంది. ఆయన కెవ్వున కేకేశారు! మా ఆవిడ అంత భయంలోనూ ఫక్కుమని నవ్వింది. నవ్వి, "అన్నయ్యగారూ, గాలి తగ్గేదాకా ఇక్కడే ఉండండి, ఏం కాదులెండి," అని ఆయనకే ధైర్యం చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపారు. "ఇంకా నాలుగిళ్లు ఉన్నాయండి," అని వణుక్కుంటూనే వెళ్లారు. తలుపు సందులోంచి చూశాను. సైకిలు నడిపించుకుంటూ ప్రతి కొబ్బరిచెట్టు దగ్గరా ఆగి, పైకి చూసి, పరుగెత్తి దాటుతున్నారు.

నా బాప్తిస్మం సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆయన ఎలాంటి మనిషో మీకు తెలియదు.

మాకు ముంచడానికి తొట్టె గట్రా లేవు. గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఒక పాత రేవు, అక్కడే ఇచ్చేవారు. ఆదివారం మీటింగు అవగానే బయల్దేరాం. రాజమండ్రి నుంచి పైవారొకాయన కూడా వచ్చారు. మా పద్ధతిలో గట్టున ఇద్దరు సాక్షులు నిలబడాలి. మనిషి ఆసాంతం నీళ్లలోకి వెళ్లాడా లేదా అని చూడటమే వాళ్ల పని. కాలి బొటనవేలు తేలినా, బట్ట కొస తేలినా లెక్కలోకి రాదు, మళ్లీ ముంచాలి. ఆ రోజు సాక్షుల్లో ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. అరమార్కు కూడా వదిలే మనిషి కాదు.

నీళ్లు నడుము దాకా ఉన్నాయి. ప్రెసిడెంటు గారు నా మణికట్టు పట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి, నా పేరు చెప్పి, ప్రార్థన చెప్పి ముంచారు. నీళ్లు చెవుల్లోకి వెళ్లగానే ఆ కాలువ అడుగు బురదంతా మళ్లీ నా నోట్లోకి వచ్చినట్టయింది. గింజుకున్నాను. పైకి లేచేసరికి గట్టుమీంచి మాస్టారు:

"మోకాలు తేలిందండీ!"

రెండోసారి. ఈసారి కాళ్లు బిగబట్టుకున్నాను. లేచాను.

"చొక్కా తేలిందండీ! వీపు వెనకాల బుడగలా లేచింది!"

ఆ చొక్కా కుట్టింది నేనే! పవిత్రమైన బట్ట కదా అని గుడ్డకి లోభించకుండా ఘనంగా, వదులుగా కుట్టుకున్నాను. అందులో గాలి నిండి తెరచాపలా లేచింది. ఊళ్లో అందరి కొలతలూ తీసేవాణ్ణి, నా చొక్కాయే నన్ను మునగనివ్వలేదు.

మూడోసారికి సిద్ధమవుతుంటే నాకు తెలిసింది, నీళ్లు నడుము దగ్గర లేవు. ఛాతీ దగ్గర ఉన్నాయి. సముద్రం పోటు ఎక్కుతోంది. మేం మీటింగు టైము చూసుకుని వచ్చాం గాని పోటు టైము చూసుకోలేదు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన ఇంతమందిమి, ఒక్కడికి కూడా ఆ ఆలోచన రాలేదు! కాలికింద ఇసక మెల్లిగా జారిపోతోంది. నీళ్లు వెనక్కి, పైకి తోస్తున్నాయి. నేను ఏడవడం మొదలుపెట్టాను. అవునండీ, పెళ్లాం పిల్లలున్నవాణ్ణి, బావురుమని ఏడ్చాను.

ప్రెసిడెంటు గారు నా మొహంలోకి చూశారు. ఆయన పెదాలు తెల్లబడిపోయాయి. గట్టువైపు తిరిగి, మైకు ముందు ఏనాడూ ఎత్తనంత గొంతెత్తి అరిచారు:

"నాకు భయమేస్తోందండీ! మేం వచ్చేస్తున్నాం!"

"బ్రదర్, ఒక్కసారే కదా, విశ్వాసం ఉంచండి," అన్నారు రాజమండ్రి పెద్దాయన.

"ఉందండి. భయం కూడా ఉందండి," అంటూనే నన్ను లాక్కుని నడిచారు. నాలుగడుగులు వేశామో లేదో ఆయన కాలు గుంటలో పడి మెడదాకా దిగిపోయారు. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను, ఆయన నా జుట్టు పట్టుకున్నారు. ఎవరు ఎవర్ని లాగామో దేవుడికే తెలియాలి. పడవలోంచి ఎవరో, "పోటెక్కుతుంటే దిగుతారేంటండీ, బుద్ధుందా!" అని తిడుతూ గెడ అందించాడు. అది పట్టుకుని గట్టెక్కాం. కాసేపటికి చూస్తే మేం నిలబడ్డ చోటు లేదు. అంతా నీళ్లే, సుళ్లు తిరుగుతూ.

ప్రెసిడెంటు గారు గట్టుమీద కూలబడి రెండు మోకాళ్లూ రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. అయినా అవి ఆగడం లేదు. అప్పుడు చెప్పారు, ఆయనకీ ఈత రాదని. నాకు మతిపోయింది. అంతకుముందు ఎంతోమందికి ఇచ్చారు ఆయన బాప్తిస్మం!

"మరి ఎలా దిగేవారండీ ఇన్నాళ్లూ?"

"దిగేముందు రెండు రోజులు అన్నం సహించేది కాదండి," అన్నారు.

పైవారు ఏమనుకుంటారో, సంఘంవాళ్లు ఏమనుకుంటారో ఆయన చూసుకోలేదు. నేను ఏడుస్తున్నానని చూశారు, అంతే. తర్వాత వారం ఒక చేపలాయన్ని అడిగి, పోటు తగ్గి నీరు తీసిన వేళ చూసుకుని దిగాం. ఇరుకు చొక్కా కుట్టుకుని, అంచులో వలలకు కట్టే సీసం గుళ్లు పెట్టాను. ఒక్కసారికే అయిపోయింది. అప్పటి నుంచి సంఘంలో బాప్తిస్మం బట్టలన్నీ నేనే అలా కుడుతున్నాను.

ఇంతమందిని ముంచిన మనిషి భార్య మాత్రం సంఘంలో చేరలేదు. ప్రతి ఆదివారం వచ్చేది, వెనక వరసలో కూర్చునేది, ప్రభువు పేరిట పంచే రొట్టె పళ్లెం వస్తే ముట్టకుండా పక్కకి అందించేది. చాటున అనేవాళ్లు అన్నారు, ఇంట్లో దీపం వెలిగించలేనాయన ఊరికేం వెలిగిస్తాడని. ఆయన చెవిన పడే ఉంటుంది. ఒకరిద్దరు మొహం మీదే అడిగారు. "అది భయంతో కూడిన సంగతండి," అని ఊరుకునేవారు. ఆవిడకి నీళ్లంటే భయం కాబోలని మేం అనుకున్నాం.

మొన్న ఆషాఢంలో ఆయన గుండె ఆగిపోయింది. షాపులో, మోటారు ముందు కూర్చుని ఉండగానే. తీసుకెళ్లే వ్యవధి కూడా లేదు. చాలామంది ఏడ్చారు, నేనూ ఏడ్చాను. అంతకంటే ఎక్కువగా నాకు భయమేసింది. నా భయం చెప్పుకుంటే నవ్వకుండా వినే మనిషి ఇక లేడు.

శనివారం పొద్దున, నీరు తీసిన వేళ, అదే రేవుకి వెళ్లాం. ఆవిడ కూతురు తువ్వాలు పట్టుకుని వెంట వచ్చింది. కార్తీకమాసం. అరటి దొప్పల్లో దీపాలు వదిలినవాళ్లు వెళ్లిపోయారు గాని ఒకావిడ ఇంకా తల తుడుచుకుంటోంది. మా తెల్లబట్టలు చూసి, "కార్తీక స్నానమాండీ?" అంది. మా లెక్కల మాస్టారు, "ఆయ్, అలాంటిదేనండి," అన్నారు. ఆ నీళ్లని చూసేసరికి నా కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. అప్పటికి రెండు రోజులై నాకూ అన్నం సహించలేదు.

"అక్కయ్యగారూ, మీకు నీళ్లంటే భయమని..." అంటూ నసిగాను. నిజం చెప్పాలంటే, అవును భయమే, ఇంకోరోజు చూద్దాం అంటుందేమోనని నా ఆశ.

"నాకెందుకండీ భయం! గోదావరి మధ్య లంకలో పుట్టినదాన్ని, ఈ పాయ ఇటు నుంచి అటు ఈదేదాన్ని," అంది.

"మరి ఇన్నాళ్లూ..."

ఆవిడ నీళ్లవైపు చూస్తూ చెప్పింది. "పెళ్లయిన కొత్తలో ఇద్దరం గోదావరి స్నానానికి వెళ్లేమండి. ఆయన్ని ఏడిపిద్దామని మునిగి ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చిన్నతనం కదండీ. లేచి చూస్తే ఆయన పీకలదాకా దిగిపోయి నా పేరు పెట్టి అరుస్తున్నారు. ఈతరాని మనిషి! ఆ తర్వాత మూడు రోజులు ఆయనకి మాట పడిపోయింది. ఆయన సంఘంలో చేరినాక నా బాప్తిస్మానికి ఎన్నోసార్లు రోజు అనుకున్నామండి. ముందురోజుకి ఆయనకి జ్వరం వచ్చేసేది. 'అందరినీ ముంచుతాను గాని నువ్వు నీళ్లకింద ఉండగా చూడలేనే' అనేవారు. పోనీ ఇంకొకరి చేత చేయిద్దామంటే గట్టుమీద నిలబడటం కూడా తన వల్ల కాదన్నారు. నేనే ఊరుకున్నాను. లోకం నన్నంటే ఏం, ఆయన్నంటే ఏం. ఆ మనిషిని మళ్లీ అలా భయపెట్టడం నాకిష్టం లేకపోయింది."

దిగాం. నీళ్లు చల్లగా మోకాళ్లకి, తొడలకి, నడుముకి వచ్చాయి. అడుగున ఇసక కదులుతోందో నా కాళ్లే వణుకుతున్నాయో తెలియలేదు. ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. గాజుల్లేని ఆ చెయ్యి ఇంత సన్నగా ఉందేంటి అనిపించింది. కుడిచెయ్యి ఎత్తాను. ప్రార్థనలో ఒక్క మాట తప్పినా మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. గట్టుమీద అందరూ చూస్తున్నారు.

"నాకు దడగా ఉందండి. ఒక్క నిమిషం ఆగుతారా," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆగారు. ఆవిడ కళ్లు మూసుకుని నిలబడింది. అప్పుడు ఆవిడ పేరు పలికాను, ప్రార్థన చెప్పాను, ముంచాను. ఆవిడ మొహం మీద నీళ్లు మూసుకున్నాయి. నీళ్లకింద ఆ మొహం చాలా చిన్నపిల్ల మొహంలా ఉంది, ఊపిరి లేనిదానిలా ఉంది. ఓరి దేవుడా, ఆయన చూడలేనన్నది ఇదే! ఒక్క ఊపులో పైకి లాగేశాను. ఎంత గట్టిగా లాగానంటే ఇద్దరం తూలిపడబోయాం.

గట్టువైపు చూశాను. మాస్టారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "పూర్తయిందండీ," అన్నారు.

ఆవిడ మొహం మీది నీళ్లు తుడుచుకుని, దగ్గి, నావైపు చూసి నవ్వింది. "అయిపోయింది కదండీ. చెయ్యి వదలండి తమ్ముడుగారూ, నేను నడుస్తాను," అంది.

"ఆయ్," అన్నాను.

వదల్లేదు. నీళ్లు నడుముకి దిగాయి, మోకాళ్లకి దిగాయి. "నొప్పెడుతోందండీ," అంది ఆవిడ. వింటూనే ఉన్నాను. వదల్లేదు. గట్టెక్కి, వాళ్లమ్మాయి తువ్వాలు కప్పి, ఆవిణ్ణి రెండు చేతులా పొదివి పట్టుకున్నాక గాని ఆ చెయ్యి వదల్లేదు.